సెలవుల వాసన

కారు తాళం ఆమె గుప్పిట్లో ఉంది. ఆమె వాకిలి మెట్టు మీద కూర్చుని ఉంది.

ఆమె భర్త, టేస్టరు, ఎదురుగా నిలబడి చెయ్యి చాపాడు.

“తాళం ఇవ్వు.”

“ఇవ్వను.”

“ఎందుకివ్వవో అదైనా చెప్పు.”

“మీరే చెప్పండి.”

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

గేటు బయట కారు ఉంది. డిక్కీ నిండింది. పట్టని వాటిని పైన వేసి తాడుతో కట్టారు. వెనక సీట్లో అతని తల్లి తెల్లారగానే ఎక్కి కూర్చుంది. ఇప్పుడు అద్దం దించి తల బయటికి పెట్టింది.

“ఏమ్మా కోడలా, వెళ్తున్నామా, లేదా? నాకు కాళ్లు తిమ్మిరెక్కాయి.”

“కూర్చోండి అత్తయ్యా.”

“నేను కూర్చునే ఉన్నాను. కారే కదలట్లేదు.”

“నాయనమ్మా, మాస్కు,” అంది చిన్న కూతురు. కారు బానెట్‌కి ఆనుకుని నిలబడి ఉంది. దేనికైనా ఎదురు వాదిస్తుందని ఇంట్లో ఆమెను లాయరు అంటారు. పద్నాలుగేళ్లు.

“పెట్టుకున్నానుగా.”

“అది గడ్డానికి పెట్టుకున్నావు. ముక్కుకి పెట్టుకోవాలి.”

“ఈ ఇంట్లో ముక్కంటే మీ నాన్నదే. మిగతావాళ్లవి ఊపిరి పీల్చుకోడానికి.”

ముసలావిడ ఈ మాట తరచూ అంటుంది. ప్రతిసారీ టేస్టరే ముందు నవ్వుతాడు. ఇవాళ అతను తల తిప్పుకున్నాడు. మెట్టు మీద కూర్చున్న భార్య అది చూసింది.

“లోపలికి రండి,” అంది లేస్తూ.

“ఇప్పుడా? ఎండెక్కుతోంది.”

“రండి.”

*

అతని ఉద్యోగం టీ రుచి చూడటం. పొడవాటి బల్ల మీద తెల్లకప్పులు వరసగా పేర్చి ఉంటాయి. చెంచాతో తీసుకోవాలి, చప్పుడయ్యేలా పీల్చాలి, పక్కనున్న ఇత్తడి కుండలో ఉమ్మాలి, తర్వాతి కప్పుకి వెళ్లాలి. రుచి అంటారు గానీ పని చేసేది నాలుక కాదు, ముక్కు. మహమ్మారి మొదలైనప్పుడు ఆ కంపెనీలో అన్నిటికన్నా ముందు మూసిన గది అదే. నలుగురు పక్కపక్కన నిలబడి పీల్చి ఉమ్మే పనిని ఏ అధికారీ ఒప్పుకోడు. అప్పట్నుంచి టేస్టరు ఇంట్లోనే ఉంటున్నాడు.

ఆ ముక్కు కోసం ఈ ఇంట్లో కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. వాసన లేని సబ్బు. వాసన లేని నూనె. సెంటు లేదు, అగరొత్తి లేదు. వెల్లుల్లి వేయించడం ఆదివారం మాత్రమే, అదీ కిటికీలు తీసి. గోడలకు రంగు వేయించాలంటే అతను ఊళ్లో లేనప్పుడు. పెళ్లైన కొత్తలో ఆమె పెట్టెలో ఉన్న సెంటు సీసాని అత్తగారు పక్కింటావిడకి ఇచ్చేసింది. “నీ మొగుడి ముక్కు మన అన్నం గిన్నె,” అని చెప్పింది. 

ఏడాదికోసారి, వేసవిలో, కట్టుబాట్లు ఎత్తేస్తారు. సముద్రం పక్కన ప్రతి ఏడూ అదే ఇల్లు అద్దెకు తీసుకుంటారు. బయల్దేరే రోజు పొద్దున ఆమె సెంటు పూసుకుని ముందు సీట్లో కూర్చుంటుంది. అతను స్టీరింగ్ మీద చేతులు పెట్టి ఒకసారి గట్టిగా గాలి పీలుస్తాడు. “అదిగో, సెలవులు వచ్చేశాయి,” అంటాడు. ఆ మాట అంటేనే పిల్లలు సీట్లలో సర్దుకు కూర్చునేవాళ్లు. అనకపోతే కారు కదలదని చిన్నప్పుడు నమ్మేవాళ్లు.

ఈ పొద్దున కూడా ఆమె పూసుకుంది. మామూలు కన్నా ఎక్కువే. ఒక వేసవి ఇంట్లోనే గడిచిపోయింది, ఆ వేసవిది కూడా కలిపి పూసుకున్నట్టు పూసుకుంది. వెనక సీట్లోంచి అత్తగారు తుమ్మింది. లాయరు అద్దం దించింది.

టేస్టరు అద్దం సవరించుకున్నాడు. నీళ్ల సీసాలు పెట్టారా అని అడిగాడు. గ్యాస్ కట్టేశావా అని అడిగాడు.

ఆమె ఆగింది. తర్వాత గాలి వచ్చే కన్నం తిప్పే వంకతో చెయ్యి అతని మొహం ముందు నుంచి పోనిచ్చింది. మణికట్టు దాదాపు ముక్కుకి తగిలింది.

“పదండి, ఆలస్యమవుతోంది,” అన్నాడు అతను.

ఆమె తాళం పీకి కారు దిగింది.

*

వంటిల్లు ఖాళీగా ఉంది. ఫ్రిజ్ ఆపేసి తలుపు మూసుకోకుండా గుడ్డ మడిచి పెట్టారు. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. బుట్టలో ఒక ఉల్లిపాయ మిగిలింది. ఆమె దాన్ని గట్టు మీద పెట్టి కత్తితో నాలుగు ముక్కలు చేసింది. ఒక ముక్క అతని మొహం దగ్గర పట్టుకుంది.

“ఏమిటిది?”

“నాకేం పరీక్షలు పెట్టకు.”

“కళ్లు మూసుకుని చెప్పండి.”

“ఉల్లిపాయ. నా ముందేగా కోశావు.”

“వాసన చెప్పండి.”

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయ పని చేస్తోంది. అతను మోచేత్తో తుడుచుకున్నాడు.

“కళ్లు మండుతున్నాయి,” అన్నాడు.

“వాసన?”

అతను తల అడ్డంగా ఊపాడు.

ఆమె చేతిలో ముక్క గట్టు మీద పడేసి రెండడుగులు వెనక్కి వేసింది. తనకు తెలియకుండానే వేసింది. వీపు గోడకి తగిలాక గానీ వెనక్కి జరిగానని ఆమెకు తెలియలేదు. అతనికి తెలిసింది.

“ఎప్పట్నుంచి?”

“మొన్న పొద్దుట్నుంచి.”

“మొన్న!”

“ఇంట్లో ఏ వాసనా ఉండదుగా. పోయిందన్న సంగతి ఎలా తెలుస్తుంది? ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలీదు. మొన్న మాత్రం, ఆఫీసు గది తెరుస్తారంటున్నారని, అలవాటు తప్పకూడదని శాంపిల్ డబ్బా తీసి టీ కాచుకున్నాను. వేడినీళ్లు తాగినట్టుంది. ఇంకో డబ్బా తీశాను. అదీ అంతే.”

“తీసి?”

“డబ్బాలు మూసి పెట్టేశాను.”

“నోరు కూడా మూసుకున్నారు.”

“జలుబనుకున్నా.”

“మీరా? మీకు జలుబు చేస్తే వీధివీధంతా తెలియాలి. ఆవిరి పట్టమంటారు, కషాయం కాయమంటారు, ఇల్లంతా మునివేళ్ల మీద నడవాలి. ముక్కు దిబ్బడేస్తే ఆఫీసుకి సెలవు చీటీ నేనే రాసేదాన్ని. ఈసారి ఎందుకు చెప్పలేదు?”

“చెబితే ఏమయ్యేది?”

“ప్రయాణం ఆగిపోయేది.”

“అందుకే.”

 బయట నుంచి లాయరూ నాయనమ్మా దేని మీదో వాదించుకుంటున్న గొంతులు వినిపించాయి.

“పెద్దది ఎల్లుండి కాక ఆ తర్వాత ఓడ కంపెనీ హోటల్లోకి వెళ్లిపోతుంది,” అన్నాడు. “అక్కడ్నుంచి టెస్టు, అక్కడ్నుంచి ఓడ. ఈ రెండు మూడు రోజులే మనకి. అది తెలిసీ నేనెలా చెప్పను?”

“దానికి అంటుకుంటే? టెస్టులో తేలితే? ఓడ ఎక్కనిస్తారా?”

“దూరంగా ఉందామనుకున్నా. అరుగు మీద పడుకుంటా, లోపలికి రానని చెబుదామనుకున్నా.”

“మరి కారులో? అద్దాలు బిగించుకుని అంత దూరం, పక్కన నేను, వెనక మీ అమ్మ. అక్కడ అరుగు మీద పడుకుంటారట.”

“సముద్రం దగ్గరికి వెళ్తే వచ్చేస్తుందేమో అనుకున్నా.”

“ఏది?”

“వాసన.”

 ప్రతి ఏడూ ఆఖరి మలుపు తిరగకముందే, నీళ్లు కనిపించకముందే, “వచ్చేశాం” అని చెప్పేది అతనే. ఉప్పు, చేపలు, ఎండిన వలలు. విడివిడిగా చెప్పేవాడు.

“నాకు దాన్ని చూడాలని ఉంది,” అన్నాడు.

“నాకు లేదా?”

అతను గట్టు మీద ఉల్లిపాయ ముక్కలు చేత్తో పోగు చేశాడు. చెత్తబుట్టలో వేశాడు. చెయ్యి కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

“లాయరుని లోపలికి రానివ్వకు,” అని, శాంపిల్ డబ్బాలుండే చిన్నగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

*

లాయరు అప్పటికే లోపలికి వచ్చేసింది. గడప దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి నిలబడిందో ఎవరూ అడగలేదు.

“మాస్కు పెట్టుకో,” అంది తల్లి.

“నువ్వూ పెట్టుకో.”

ఇద్దరూ పెట్టుకున్నారు. సొంత ఇంట్లో, హాల్లో, ఒకరికొకరు దూరంగా. లాయరు సోఫా చివర కూర్చుంది. తల్లి కిటికీ దగ్గర నిలబడింది. చేతిలో ఇంకా తాళం ఉంది.

“నాకు వాసన తెలుస్తోంది,” అంది తల్లి. “సెంటు తెలుస్తోంది. ఉల్లిపాయ తెలిసింది. జ్వరం లేదు, దగ్గు లేదు.”

లాయరు సోఫా మీద కాళ్లు పైకి ముడుచుకుంది.

“నేనొక్కదాన్నే వెళ్తే?”

“అమ్మా.”

“లోపలికి వెళ్లను. గేటు బయటే నిలబడతా. అది అరుగు మీద నిలబడుతుంది. ఒక గంట చూసుకుని వచ్చేస్తా. మాట్లాడుకుంటాం, అంతే.”

“గంట చూడ్డానికి అంత దూరం వెళ్తావా?”

“వెళ్తాను.”

“వెళ్లి ముట్టుకోకుండా వస్తావా?”

తల్లి చేతిలో తాళాన్ని అటూ ఇటూ తిప్పింది.

“నువ్వు గేటు బయట నిలబడతావు. సరే. అక్క అరుగు మీద నిలబడుతుందా? నిన్ను చూసి, మెట్లు దిగకుండా?”

“దిగొద్దంటాను.”

“అనగలవా?”

“నువ్వు ఎవరి వైపు వాదిస్తున్నావే?” తల్లి గొంతు లేచింది. “నీకు చూడాలని లేదా దాన్ని? ఏడాది దాటింది!”

“నాకు లేదనా?” లాయరు గొంతు కూడా లేచింది. “అక్క కోసం నేను ఏమేం చెప్పాలో అన్నీ దాచిపెట్టుకున్నా. ఫోన్‌లో చెప్పకుండా. నాకు తెలుసు ఎంత అయిందో.” ఆగింది. “నేనెవరి వైపూ కాదు. అక్క ఓడ వైపు.”

చిన్నగది తలుపు వెనక నుంచి టేస్టరు గొంతు వచ్చింది.

“వెళ్లనీ. దూరం నుంచే చూసి వస్తుంది.”

“మీరు మాట్లాడకండి,” అంది భార్య.

“నేను చెప్పేది—”

“మాట్లాడకండి అన్నానా!”

 అతను కుర్చీ జరుపుకున్న చప్పుడు. ఆ గదిలో కుర్చీ ఒకటే, మంచం లేదు. పొద్దుపోయేసరికి అతనికి పరుపు ఎలా అందించాలన్న ఆలోచన ఆమెకు వచ్చింది. వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

పెద్ద కూతురు ఓడ ఇంజనీరు. మొదటి ఓడ దిగాక ఇంటికి వచ్చి నెల ఉండి, మూడో ఇంజనీరుగా ఇంకో ఓడ ఎక్కాలని రేవు ఊరికి వెళ్లింది. అది వెళ్లిన వారానికి రేవులు మూతపడ్డాయి. ఎక్కాల్సినవాళ్లు ఒడ్డున ఆగిపోయారు. దిగాల్సినవాళ్లు నీళ్లలో ఆగిపోయారు. ఇవాళ పిలుస్తారు, రేపు పిలుస్తారు అంటూ ఒక గదిలో, ఒక పొయ్యితో ఏడాది దాటింది. వెనక్కి వస్తే వరసలో చోటు పోతుందని ఇంటికి రాలేదు. ఈ నెల పిలుపు వచ్చింది. అదే నెల ప్రయాణాలకు అనుమతి వచ్చింది. సముద్రం పక్కన ఇల్లు రేవుకి దగ్గర. ఇంతకన్నా కుదిరే వేసవి ఉండదనుకున్నారు.

నిన్న మధ్యాహ్నమే అది ఆ ఇంటికి చేరింది. ఇల్లు తుడిచాను, పరుపులు ఎండలో వేశాను, మీరు వచ్చేయండి అని రాత్రి చెప్పింది.

ఇప్పుడు సోఫా మీద లాయరు పక్కన ఫోను మోగింది.

“అక్క,” అంది లాయరు.

ఎవరూ తీయలేదు. మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది.

*

తల్లి ఫోను తీసుకుని బయటికి వచ్చింది. మెట్ల మీద నిలబడి స్పీకరు నొక్కింది. సముద్రం పక్కన ఆ ఇంట్లో సిగ్నలు వీడియోలో మొహాలకు చాలదు, మాటలకే.

“బయల్దేరారా?” అంది ఇంజనీరు.

“ఇంకా లేదే.”

“ఇంకా లేదా! మలుపు దగ్గర ఉంటారనుకున్నా. ఏమైంది?”

“కారు మొరాయిస్తోంది.”

“ఏం చేస్తోంది?”

“స్టార్టవట్లేదు.”

“తాళం తిప్పితే చప్పుడు వస్తోందా, అసలు ఏమీ రావట్లేదా?”

తల్లి లాయరు వైపు చూసింది. లాయరు భుజాలు ఎగరేసింది.

“వస్తోంది.”

“ఎలాంటి చప్పుడు? టకటకమంటోందా, కుయ్యిమంటోందా?”

“టకటక.”

“అయితే బ్యాటరీ. లైట్లు వేసి చూడు. మసగ్గా ఉన్నాయా?”

“ఆ… మసగ్గానే ఉన్నాయి.”

“నాన్నేరి? నాన్నకివ్వు.”

“లోపలున్నారు.”

“సరే, అక్కడెవరైనా హారన్ కొట్టండి. గొంతు బట్టి చెబుతా.”

“హారన్ కూడా పని చెయ్యట్లేదే.”

వెనక సీట్లో ముసలావిడకి ఓపిక అయిపోయింది. ముందు సీట్ల మధ్య నుంచి ఒంగి, చేతికర్రతో స్టీరింగ్ మధ్యలో గట్టిగా పొడిచింది. హారన్ మోగింది. కర్ర తీసేదాకా మోగింది. పక్కింటి పిట్టగోడ మీది పిల్లి దూకి పారిపోయింది.



“బ్యాటరీ బ్రహ్మాండంగా ఉందమ్మా,” అంది ఇంజనీరు. “ఇప్పుడు చెప్పు.”

తల్లి మెట్టు మీద కూర్చుంది.

“నాన్నకి వాసన తెలియట్లేదు.”

 అటు నుంచి సముద్రం హోరు వినిపించింది. ఆ ఇంట్లో ఎక్కడ నిలబడి ఫోను మాట్లాడినా అది ఉంటుంది. తల్లి ఫోనుని చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది, స్పీకరులో ఉందని మరిచిపోయి.

“ఎప్పట్నుంచి?”

“మొన్నట్నుంచి అంటున్నారు.”

“జ్వరం?”

“లేదు.”

“నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందా?”

“రావట్లేదనుకుంటా. తెలీదు.”

“ఎక్కించి చూడు. వేలికి పెట్టే మిషన్ ఉంటుంది, మందుల షాపులో తెప్పించు. పూటకోసారి చూడండి. నువ్వెలా ఉన్నావు?”

“బాగానే ఉన్నా.”

“చెల్లి?”

“ఇక్కడే ఉన్నా అక్కా,” అంది లాయరు. “వాదించే ఓపిక ఉంది. అంటే బాగున్నట్టే.”

“నాయనమ్మ?”

“కారులో ఉంది. దిగనంటోంది.”

అటు నవ్వు మొదలైంది. సగంలో ఆగింది.

“అమ్మా, నేను వచ్చేస్తా.”

తల్లి ఈ మాట కోసం చూడలేదు. కాదు, ఈ మాట కోసమే చూసింది. ఏడాదికి పైగా ఆ గొంతులో ఆ మాట ఎలా ఉంటుందో మనసులో వింటూనే ఉంది. గేటు చప్పుడైతే కూరగాయల బండి అని తెలిసి కూడా లేచి చూసేది. ఇప్పుడా మాట వచ్చింది.

“పిచ్చిగాని పట్టిందా?” అంది.

“నలుగురూ మంచం పడితే ఎవరు చూస్తారు మిమ్మల్ని? మంచినీళ్లు ఎవరిస్తారు?”

“ఎవరూ మంచం పట్టరు.”

“నీకు తెలుసా?”

“ఓడ సంగతేమిటి?”

“ఇంకో ఓడ వస్తుంది.”

“ఇది రావడానికే ఏడాది పట్టింది. ఇప్పుడు వదులుకుంటే వరసలో చివరికి పోతావు. నువ్వే చెప్పావు.”

“చెప్పాను.”

“ఆ గదిలో అంతకాలం ఎందుకున్నట్టు మరి? ఇంటికి రమ్మని నేను ఏడిస్తే, వరస పోతుందమ్మా అన్నావు. పండగలకి రాలేదు. నేను పడిపోయి చెయ్యి విరిగితే రాలేదు.”

“అందుకే అడుగుతున్నా.” ఇంజనీరు గొంతు తగ్గింది. “నా గదిలో ఉండేదే, ఓడల్లో వంటపని చేసే అమ్మాయి, నాకన్నా ముందు ఎక్కింది. తొమ్మిది నెలలకని సంతకం పెట్టింది. తొమ్మిది నెలలూ అయ్యాయి, ఆపైన ఇంకా కొన్ని అయ్యాయి, ఏ రేవులోనూ దిగనివ్వట్లేదు. ఎక్కితే మళ్లీ ఎప్పుడు దిగుతానో నాకే తెలీదమ్మా. మిమ్మల్నెవర్నీ చూడకుండా ఎక్కమంటావా?”

లాయరు తలొంచుకుని చెప్పు కొసతో మెట్టుని గీకుతోంది.

“వస్తే నాన్న గది కిటికీ బయటైనా నిలబడతా,” అంది ఇంజనీరు. “మీ అందరికీ వండి గడప దగ్గర పెడతా. ఓడ పోతే పోనీ. నువ్వు వద్దంటే మాత్రం రాను. నీ నోటితో చెప్పు. ‘వద్దు’ అను.”

కారు తలుపు తెరుచుకుంది. ముసలావిడ మొదటిసారి దిగింది. కర్ర ఆనించుకుని కారు పక్కనే నిలబడింది, దగ్గరికి రాలేదు. అన్నీ విన్నట్టే ఉంది. మాస్కు ముక్కు మీదికి లాక్కుంది.

“చెప్పమ్మా కోడలా,” అంది. గొంతులో ఇందాకటి దెప్పు లేదు.

లోపల నుంచి టేస్టరు అరిచాడు. “రావద్దని చెప్పు! వినపడుతోందా? దాన్ని రావద్దని చెప్పు!”

“నాన్న వద్దంటున్నారు,” అంది తల్లి ఫోనులో.

“విన్నాను. నువ్వు?”

తల్లి నోరు తెరిచింది.

చెప్పాల్సింది ఒక్క మాట. ఆమె రోజంతా ఈ ఇంట్లో చెప్పే మాటే. ఎండలో తిరగొద్దు, తడి తలతో పడుకోవద్దు, ఆ తలుపు తియ్యొద్దు. వెనకా ముందూ చూడకుండా వచ్చే మాట.

“చెల్లి చెప్పింది, అక్క ఓడ వైపని,” అంది చివరికి. “అది చిన్నపిల్ల. అయినా అదే సరిగ్గా ఆలోచించింది.”

“నేను చెల్లిని అడగలేదు. నిన్నడిగాను.”

చిన్నగదిలో టేస్టరు దగ్గాడు. ఒకసారి. ఆగి, ఇంకోసారి. పొడి దగ్గు. ఇంతవరకు ఎవరూ వినని దగ్గు.

లాయరు లేచి నిలబడింది.

“అది నాన్నేనా?” అంది ఇంజనీరు.

తల్లి చిన్నగది వైపు తిరిగింది.

“అమ్మా. అది నాన్న దగ్గేనా?”

“పొలమారింది,” అంది తల్లి.

అటు నుంచి మాట ఆగిపోయింది. ఫోను మాత్రం ఆగలేదు. అడుగుల చప్పుడు వచ్చింది. తర్వాత చెక్క కిటికీ రెక్క పడిన చప్పుడు, గడియ పెట్టిన చప్పుడు. మళ్లీ అడుగులు. ఇంకో కిటికీ. ఒక్కో కిటికీ పడేకొద్దీ సముద్రం హోరు తగ్గుతూ వచ్చింది. ఆఖరిదాని తర్వాత అసలు లేదు. సంచీ జిప్పు లాగిన చప్పుడు వినిపించింది.

“ఏం చేస్తున్నావే?”

తలుపు మూసిన చప్పుడు. తాళంకప్పలో చెవి తిరిగిన చప్పుడు. మళ్లీ హోరు, ఈసారి బయట నుంచి.

“ఎటు వెళ్తున్నావు? మాట్లాడు. ఎటు?”

“బస్సుకి అమ్మా,” అంది ఇంజనీరు. ఫోను పెట్టేసింది.

లాయరు వెంటనే తిరిగి కలిపింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ కలిపింది.

“ఏ బస్సుకి?” అంది ముసలావిడ కారు దగ్గర నుంచి. “ఏ బస్సుకందే?”

 ఆ ఇల్లు తల్లికి తెలుసు, ఆ వీధి తెలుసు. గేటు దాటితే ఎడమవైపు ఒకే బస్‌స్టాపు. రేవుకి వెళ్లే బస్సూ అక్కడే ఆగుతుంది, ఇటు వచ్చేదీ అక్కడే ఆగుతుంది.